థర్డ్ క్లాస్ పాప సైన్స్ అంటే బట్టీ, డ్రాయింగ్ అంటే రంగులు నింపడం, చదవడం అంటే స్పీడు... అసలు ఈ వయసుకి ఏం రావాలి?

ఖమ్మం_అమ్మ:

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా పాప థర్డ్ క్లాస్, ప్రైవేట్ స్కూల్, ఇంగ్లీష్ మీడియం. మొన్న స్లిప్ టెస్ట్ ఉందని ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) చదివిస్తున్నా, మొక్క భాగాల పాఠం. వేరు ఏం పని చేస్తుందే అని అడిగితే గుక్క తిప్పుకోకుండా 'రూట్స్ అబ్జార్బ్ వాటర్ అండ్ మినరల్స్ ఫ్రమ్ ద సాయిల్' అని అప్పజెప్పేసింది. సరే నాన్నా, అబ్జార్బ్ అంటే ఏంటి అన్నా. మిస్ అది చెప్పలేదు, ఆన్సర్ ఇంతే అంది. కుండీలో మెంతి మొక్క పీకి చూపిస్తే ఇది రూట్ కాదు, రూట్ బ్రౌన్‌గా ఉంటుంది, బుక్కులో అలాగే ఉంది అని నాతోనే వాదన.

డ్రాయింగ్ వారానికి ఒక పీరియడ్. అచ్చేసిన బొమ్మలో రంగులు నింపాలి, గీత దాటితే స్టార్ ఇవ్వరు. తెల్ల కాగితం ఇచ్చి నీ ఇష్టం వచ్చింది గీయవే అంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఇల్లు, పక్కన నది. రోజూ స్కూల్ బస్సులోంచి ఖిల్లా చూస్తుంది, అది మాత్రం ఒక్కసారి కూడా గీయలేదు.

చదవడం సంగతి ఇంకో కథ. ఇంగ్లీష్ రీడర్ గడగడా చదివేస్తుంది, అయిపోయాక ఏం జరిగింది కథలో అంటే మళ్ళీ పుస్తకం తెరుస్తుంది. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, గుణింతాలు మొదటి నుంచి చివరి దాకా రాసేస్తుంది కానీ వత్తు ఉన్న మాట వస్తే అక్కడ బండి ఆగిపోతుంది.

మా ఆయనేమో చిన్నపిల్ల, అదే వస్తుందిలే అంటారు. ఆఫీసులో ఒకావిడ వాళ్ళబ్బాయిని సైన్స్ ఒలింపియాడ్ కోచింగ్‌లో వేసిందట, మీరింకా వేయలేదా అని అడిగినప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నిజంగానే అడుగుతున్నా, థర్డ్ అయ్యేసరికి సైన్స్‌లో, బొమ్మల్లో, చదవడంలో పిల్లకి ఏం వస్తే చాలు? ఇంట్లో ఏం చేయించొచ్చు? నేను ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది, అది కూడా చూసుకుని చెప్పండి.


నల్లబల్ల_సర్:

మేడమ్, నేను ప్రకాశం జిల్లాలో గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్లో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని. ముందు మీరు హాయిగా పడుకోండి, ఒలింపియాడ్ ఎక్కడికీ పోదు.

మన రెండు రాష్ట్రాల్లో సర్కారు సిలబస్ తీసుకుంటే ఒకటి, రెండు తరగతులకి సైన్స్ అని వేరే సబ్జెక్టే ఉండదు. మూడు నుంచి ఐదు దాకా కూడా సైన్సు సోషలు కలిపి పరిసరాల విజ్ఞానం, అంటే ఇల్లు, నీళ్ళు, తిండి, మొక్కలు, జంతువులు, ఊరు. పిల్లలు బయటికెళ్ళి చూడాలి, పెద్దవాళ్ళని అడగాలి, పట్టిక నింపాలి, వచ్చి క్లాసులో చెప్పాలి, పుస్తకం ఉద్దేశం అది. కానీ ఎక్కడ చెడుతుందంటే దానికి కూడా గైడ్ దొరుకుతుంది. మీ ఊళ్ళో ఏ ఏ చెట్లు ఉన్నాయి అన్న ప్రశ్నకి జవాబు గైడులో అచ్చేసి ఉంటుంది చూడండి, మండలం మొత్తం పిల్లలు అవే ఐదు చెట్లు రాసుకొస్తారు, మా ఊళ్ళో అందులో రెండు లేనేలేవు!

నేను చేసేది చెప్తా, మీ ఇంట్లో కుదురుతుందేమో చూడండి. కరివేపాకు మొక్క గానీ నిమ్మ మొక్క గానీ ఉంటే వానాకాలంలో లేత ఆకుల మీద చూడండి, గుండుసూది తలకాయంత లేత పసుపు గుడ్లు ఒక్కొక్కటే అతికించి ఉంటాయి. అవి సీతాకోకచిలుకవి. పురుగు బయటికొచ్చిన కొత్తలో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిల్లలు మొదట ఛీ అంటారు. పక్షులు కూడా రెట్ట అనుకుని వదిలేస్తాయని, అది దాని ఎత్తుగడ అని చెప్తే చాలు, ఇక వదలరు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. తర్వాత కొమ్మకి సన్నటి దారం నడుముకి చుట్టుకుని ప్యూపా అయిపోతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా దాదాపు నెల. మా మూడో తరగతి వాళ్ళు రోజూ వెళ్ళి చూసి నోట్‌బుక్కులో ఆ రోజు ఎలా ఉందో బొమ్మ గీసి కింద ఒకటో రెండో వాక్యాలు రాస్తారు. సైన్స్ పీరియడ్, డ్రాయింగ్ పీరియడ్, తెలుగు పీరియడ్ అన్నీ అందులోనే అయిపోతాయి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఇది ఏ సబ్జెక్టు కింద రాయాలో అని ఇంకో తలనొప్పి అనుకోండి, అది నా బాధ. బొమ్మ గీయాలంటే చూడాలి మేడమ్, కాళ్ళు ఎన్ని, గీతలు ఎటు, ఊరికే చూసినప్పుడు కనపడవు. మీ పాప పుస్తకంలో వేరు బొమ్మ చూసింది, వేరుని చూడలేదు. మెంతి మొక్కనే గీయించండి, తెల్ల వేరు, దానికి అంటుకున్న మట్టితో సహా.

రైతుల పిల్లలకి ఇవన్నీ తెలుసు అనుకుంటాం, అదీ కాదు. వేరుశనగ కాయ ఎక్కడ కాస్తుందిరా అంటే వేరుకి అంటారు అందరూ. చేలోకి తీసుకెళ్ళి పసుపు పువ్వు చూపించి, ఆ పువ్వు రాలాక దాన్నుంచే ఊడ కిందకి దిగి మట్టిలోకి దూరి అక్కడ కాయ అవుతుందని చూపిస్తే, ఇంటికెళ్ళి వాళ్ళ తాతకి చెప్పారు. తాతకి ఊడలు దిగడం తెలుసు, మనవడికి ఎప్పుడూ చెప్పలేదు అంతే.

చదవడం గురించి. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది, 2026-27 కల్లా మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు రావాలి అని. తెలంగాణలో తొలిమెట్టు కూడా ఆ దారిలోదే, 2022లో పెట్టారు. ఇంత పెద్ద కార్యక్రమం ఎందుకు పెట్టాల్సొచ్చిందంటే అసర్ వాళ్ళు ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి చూసిన సర్వేలో, 2024లో దేశం మొత్తమ్మీద గవర్నమెంట్ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగింది 23.4 శాతం. 2022లో అయితే కరోనా దెబ్బకి 16.3కి పడిపోయింది. అంటే మీ పాప గడగడా చదువుతోంది అంటే సగం పని అయినట్టే, మిగతా సగం అర్థం. అర్థం రావాలంటే కొన్నాళ్ళు మీరు చదవండి, తను వింటుంది, మధ్యలో ఆపేసి తర్వాత ఏమవుతుందనుకుంటున్నావ్ అని అడగండి. పరీక్షలాగా అడగొద్దు.


కూకట్‌పల్లి_డాడీ:

సర్ చదువుతుంటే బావుంది కానీ మా అపార్ట్‌మెంట్లో కరివేపాకు కట్టగా వస్తుంది, చెట్టు లేదు, ఉన్నా అసోసియేషన్ వాళ్ళు పురుగుల మందు కొట్టించేస్తారు 😀

నా పాయింట్ వేరే. మీరు గవర్నమెంట్ స్కూల్లో ఉన్నారు, మీకు ఆ స్వేచ్ఛ ఉంది. మేం ఫీజు కడుతున్నాం, మాకు వారం వారం మార్కులు మెసేజ్ వస్తాయి, స్కూల్ అడిగేది ఆన్సర్ ముక్కకి ముక్క రావాలని. పిల్లాడు సొంతంగా రాస్తే ఎర్ర ఇంకు. ఇంక ప్రాజెక్టులు అంటారా, సెకండ్ క్లాస్ వాడికి సౌర కుటుంబం మోడల్ తెమ్మన్నారు, రేపు సబ్మిషన్ అని రాత్రి తొమ్మిదింటికి వాడికి గుర్తొచ్చింది. నేను థర్మాకోల్ బంతుల కోసం బండేసుకుని తిరిగా, మా ఆవిడ పెయింట్ వేసింది, వాడు నిద్రపోయాడు. ఏ గ్రేడ్ వచ్చింది. ఎవరికో మరి.

ఇంకో మాట, బట్టీ అంటే అందరూ అంత చీదరించుకోవడం నాకు నచ్చదు. ఎక్కాలు బట్టీ కాదా, వేమన పద్యాలు బట్టీ కాదా? అర్థం తర్వాతైనా వస్తుంది, గుర్తుండేది మాత్రం ఈ వయసులో నేర్చిందే. రేపు సిక్స్త్ నుంచి ఎలాగూ ఫౌండేషన్ కోర్సులంటూ తోముతారు, అప్పుడు ఒక్కసారిగా కష్టం కాకుండా ఇప్పట్నుంచి కొంచెం అలవాటు చేస్తే తప్పేంటి అని.


రంగులపెట్టె:

నేను పిల్లలకి డ్రాయింగ్ చెప్తా, సిద్దిపేట దిక్కు. బట్టీ గురించి నేనేం మాట్లాడ గానీ ఆ రెండు కొండల బొమ్మ గురించి మాట్లాడాలె. అది మీ పాప గీసింది కాదండి, ఎవరో టీచరో అక్కో గీస్తే చూసి నేర్చుకున్నది. గది కూడా బట్టీనే, చేత్తో పట్టిన బట్టీ. మా దగ్గరికి వచ్చే పిల్లలల్ల పదిమందిల తొమ్మిదిమంది గదే గీస్తరు, సగంమంది కొండలే చూడలేదు.

చిన్నపిల్లలు కంటికి కనపడ్డది కాకుండా తమకు తెలిసింది గీస్తరు. బస్సు గీస్తే నాలుగు చక్రాలు ఒకే దిక్కు పెడ్తరు, ఇల్లు గీస్తే గోడల్నించి లోపల మంచం కూడా కనపడ్తది. అది తప్పని దిద్దొద్దు, ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఆలోచించేది గట్లనే. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, మీ చేతిల పెన్సిల్ పట్టి గీసి చూపియ్యకండి. ఎట్ల గీయాలె అని అడిగితే ఏం చూసినవో నాకు చెప్పు అనండి. ఖిల్లా కావాలంటే పొద్దున్న బస్సుల పోయేటప్పుడు ఒక్క విషయం చూసి రమ్మనండి, పైన గోడ నున్నగుందా పళ్ళు పళ్ళుగుందా, రాళ్ళు ఏ రంగు. సాయంత్రం గీయమనండి. వచ్చినంతే.

మా పక్కనే చేర్యాల ఉంది, నకాషీ బొమ్మలు మీరు చూసే ఉంటరు, ఎర్ర రంగు మీద కథ మొత్తం వరుసగా బొమ్మల్లో గీస్తరు. అప్పట్ల కథ చెప్పేటోళ్ళు ఆ పటం విప్పుకుంట ఒక్కో బొమ్మ చూపిచ్చుకుంట ఊరూరా కథ చెప్పేటోళ్ళు. నేను పిల్లలతో అదే చేయిస్త. కథ చదివి పొడుగు కాగితం మీద నాలుగైదు గడులు గీసి బొమ్మలెయ్యమంట, తర్వాత అది పట్టుకుని మాకు కథ చెప్పాలె. మీ పాపకు కథ గుర్తుండట్లేదు అన్నరు గదా, గిది పెట్టి చూడండి, ఏ గడిల ఏం గీయాలో తెలియాలంటే కథ తెలియాల్సిందే.

సైన్సు కూడా కావాలంటే వంటింట్లనే ఉంది. పసుపు నీళ్ళల్ల కలిపి కాగితానికి రాసి ఆరబెట్టండి, దాని మీద సున్నం నీళ్ళతోనో సబ్బు నీళ్ళతోనో గీస్తే ఎర్రగ వస్తది, మీద నిమ్మరసం పూస్తే మళ్ళ పసుపైతది. మందార పువ్వు రెక్కలు కాగితం మీద రుద్దితే ఊదా రంగు వస్తది, నిమ్మరసం చుక్క వేస్తే గులాబీ, వంటసోడా నీళ్ళు వేస్తే ఆకుపచ్చ. యాసిడ్, బేస్ అని పేర్లు ఇప్పుడే చెప్పకండి, హైస్కూల్ల ఎట్లాగూ వస్తయి. పెరుగేస్తే ఏమైతది, చింతపండు రసమేస్తే ఏమైతది అని ముందు తననే చెప్పనియ్యండి, తర్వాత వేసి చూడండి.


ఎడిసన్_నాన్న:

అమెరికాలో ఏదో అద్భుతం జరుగుతుందని అనుకుంటారు కాబట్టి రాస్తున్నా. మా అబ్బాయి న్యూజెర్సీలో థర్డ్ గ్రేడ్. సైన్స్ ఇక్కడ బావుంటుంది, నిజమే. 2013లో వచ్చిన సైన్స్ స్టాండర్డ్స్ (ఏ క్లాసులో ఏం నేర్పాలో చెప్పేవి) ప్రకారం మూడో తరగతిలో వాతావరణం, జంతువుల జీవితచక్రం, అయస్కాంతాలు, బలాలు, ఇలాంటివి కొన్నే. తక్కువ ఉంటుంది కానీ ప్రతిదానికీ ఎందుకలా అనుకుంటున్నావ్, నీ దగ్గర ఆధారం ఏంటి అని రాయిస్తారు. జవాబు తప్పైనా కారణం సరిగ్గా రాస్తే మెచ్చుకుంటారు, అది చూసి మా నాన్నగారికి కోపం.

కానీ చదవడంలో వీళ్ళే చాలా ఏళ్ళు తప్పుదారిలో పోయారు. చాలా స్కూళ్ళలో అక్షరాల శబ్దాలు గట్టిగా నేర్పకుండా బొమ్మ చూసి మాట ఊహించు, మొదటి అక్షరం చూసి ఊహించు అని నేర్పారు, ఇప్పుడు రాష్ట్రం తర్వాత రాష్ట్రం చట్టాలు చేసి మళ్ళీ ఫోనిక్స్‌కి వస్తున్నారు. కాబట్టి మన గుణింతాలు పాతకాలం పద్ధతి అని పారేయకండి.

మా వాడు వీకెండ్ మనబడికి, అంటే ఇక్కడి తెలుగు బడికి కూడా వెళ్తాడు. తెలుగు ఎలా రాస్తే అలా పలుకుతాం కదా, అందుకని గుణింతం, వత్తులు పట్టుబడగానే పేపర్ ఇచ్చినా టకటకా చదివేస్తాడు, మా అత్తగారు వీడియో కాల్లో విని మురిసిపోతారు. ఏం చదివావురా అంటే తెలీదు! మీ పాప ఇంగ్లీష్‌తో చేసేది మావాడు తెలుగుతో చేస్తున్నాడు. రెండు చోట్లా కారణం ఒకటే అనిపిస్తుంది, ఆ భాషలో విన్న మాటలు తక్కువ. వినని మాట చదివితే శబ్దం వస్తుంది, అర్థం ఎక్కణ్ణించి వస్తుంది. మీ పాపకి తెలుగు మాటలు బోలెడు తెలుసు కాబట్టి, ఈవీఎస్ ముందు తెలుగులో మాట్లాడుకుని తర్వాత ఇంగ్లీష్ ఆన్సర్ చదివిస్తే సగం గొడవ తగ్గుతుందని నా అనుమానం. వేరు నీళ్ళు పీల్చుకుంటుంది అంటే తనకి క్షణంలో అర్థమవుతుంది.


నల్లబల్ల_సర్:

ఎడిసన్ గారు, కరెక్ట్. ఇప్పుడు గవర్నమెంట్ పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ వేస్తున్నారు, ఆంధ్రాలో ముందు, తర్వాత తెలంగాణలో కూడా. ప్రైవేట్ స్కూల్ పిల్లలకి కూడా ఆ ఈవీఎస్ పుస్తకం ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకోమంటాను నేను. పీడీఎఫ్‌లు ఊరికే దొరుకుతాయి.

కూకట్‌పల్లి డాడీ గారూ, పద్యాలు బట్టీ పట్టించండి, నేనూ పట్టిస్తా, ఎక్కాలు కూడా. పద్యం అలాగే ఉండాలి కాబట్టి అలాగే నేర్చుకుంటాం. వేరు ఏం చేస్తుందన్నది అలాంటిది కాదు కదా సార్. ఇక చెట్టు లేదన్నారు, ఎండ ఉంది కదా బాల్కనీలో! ఒక పుల్ల నిలబెట్టి పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం నీడ చివర సుద్దముక్కతో గుర్తు పెట్టించండి, ఆదివారం ఒక్కరోజు చాలు. హైదరాబాద్‌లో అయితే ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ఆ ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి నిటారు పుల్లకి నీడే ఉండదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కాబట్టి. ఢిల్లీ వాళ్ళకి ఈ భాగ్యం లేదు, కర్కటరేఖకి పైన ఉన్నారు. కాకపోతే మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు, మన అదృష్టం. థర్మాకోల్ గ్రహాల కంటే ఇందులో సౌర కుటుంబం ఎక్కువ ఉంది.

మార్కుల గురించి మాత్రం మీరు చెప్పిందానికి నా దగ్గర జవాబు లేదు. ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యలో చేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లో, ప్రాజెక్టు పని, పిల్లల భాగస్వామ్యం అని పెట్టిందే ఈ బట్టీ తగ్గించడానికి, చివరికి ఇంట్లోవాళ్ళ భాగస్వామ్యం అయింది.


పలక_బలపం:

నేను రిటైర్డ్ టీచర్ని అమ్మా, ఒకటీ రెండు తరగతులే చెప్పాను సర్వీసంతా. ఖమ్మం అమ్మాయీ, వత్తుల గురించి ఎవరూ సరిగా చెప్పలేదు, నేను చెప్తా.

గుణింతం వరసగా రాస్తుంది అంటే వచ్చినట్టు కాదు, పాటలాగా వరస వచ్చింది. మధ్యలోంచి కో చూపించు, గూ చూపించు, మె చూపించు అని అడుగు, అప్పుడు తెలుస్తుంది. మ కి య కి, ప కి వ కి, బ కి భ కి తేడా తడబడుతుందేమో చూడు, చాలామంది పిల్లలు అక్కడే ఆగుతారు, మనం ఏమో వత్తు రాలేదనుకుంటాం. ఆ తర్వాత వత్తులు. కొన్ని వత్తులు అక్షరం పోలికతోనే ఉంటాయి, తలకట్టు తీసేస్తే సరి, ప్ప, గ్గ, డ్డ లాంటివి. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అక్షరంలా ఉండవు, పిల్లకి అవి కొత్త అక్షరాలే. వాటిని విడిగా కూర్చోపెట్టి నేర్పాలి. ముందు ద్విత్వాలు, అమ్మ, అన్న, అయ్య, బల్లి, అత్త, ఇవి నోట్లో ఉన్న మాటలే కదా. అవి కుదిరాక చక్రం, పత్రం లాంటివి. మొదటే పండగల పేర్లూ సంస్కృతం మాటలూ పెట్టి ఏడిపించొద్దు.

దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు. మీ ఖమ్మం బస్టాండుకి తీసుకెళ్ళు సాయంత్రం పూట. సత్తుపల్లి, కొత్తగూడెం, ఇల్లందు, అశ్వారావుపేట, భద్రాచలం, బస్సు బోర్డుల నిండా వత్తులే. మధిర, వైరా ఏమో తేలిక, మొదట అవి. బస్సు కదిలేలోపు చదవాలి అని పందెం పెట్టు. నేను మా మనవరాలికి అలాగే నేర్పా, ఇప్పుడు ఏ ఊరెళ్ళినా మెడ బయటపెట్టి బోర్డులు చదవడం, అది ఆపడం ఇంకో పని.

కథల పుస్తకాలు కొనిపెట్టు. మంచి పుస్తకం వాళ్ళవి సన్నగా ఉంటాయి, బొమ్మలుంటాయి, ఖరీదు తక్కువ. ఫోన్లో అయితే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఊరికే ఉన్నాయి, ఒకటి నుంచి నాలుగు వరకు లెవెల్స్ ఉంటాయి. థర్డ్ క్లాస్ అని మూడో లెవెల్ తీయకు, తెలుగుకి ఒకటో లెవెల్ నుంచే మొదలుపెట్టు, పిల్ల నవ్వుతూ చదివేది ఏదైతే అదే తన లెవెల్.


ఖమ్మం_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. టీచర్ గారూ మీరు చెప్పినట్టు మధ్యలోంచి అడిగా, మె, మొ, యె, యొ దగ్గర నిజంగానే తడబడింది, నాకు ఇన్నాళ్ళూ తెలీదు. బస్టాండ్ ఆదివారం. ఒలింపియాడ్ సంగతి ఇప్పుడే కాదు అని మా ఆయనతో చెప్పేశా, ఆయనేమో నేను ముందే చెప్పా కదా అని మొదలుపెట్టారు, అదొకటి.

మందారం ప్రయోగం నిన్న చేశాం. నిమ్మరసానికి గులాబీ రంగు వచ్చింది, బట్టల సబ్బు నీళ్ళకి ఆకుపచ్చ వచ్చింది, అది చూసి ఇంట్లో ఉన్నవన్నీ చుక్క చుక్క వేసింది. టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, వాళ్ళ నాన్న టీ. కొబ్బరినూనెకి ఏ రంగూ మారలేదు, ఎందుకు మారలేదు అని నన్ను అడుగుతోంది, నేనేం చెప్పాలి? ఇంకోటి, మాకున్నది ఒక్కటే మందార చెట్టు, పూజకి పూలు మిగలట్లేదని మా అత్తగారు అప్పుడే సణుగుతున్నారు. వేరే పువ్వేదన్నా పనికొస్తుందా?


రంగులపెట్టె:

శంఖుపుష్పం పనికొస్తదండి, నీలంది, తెల్లది కాదు. వేడి నీళ్ళల్ల నాలుగు పూలు వేస్తే నీళ్ళు నీలమైతయి, నిమ్మరసం పిండితే ఊదా రంగుకి తిరుగుతది. కానీ అది కూడా పూజకే వాడ్తరు, మీ అత్తమ్మని అడిగి కోయండి 😄 అది కూడా లేదంటే ఊదా క్యాబేజీ అమ్ముతరు గదా సూపర్‌మార్కెట్ల, దాని రసం.

నూనె సంగతి, ఆ రంగు నీళ్ళల్ల కలిసేది, నూనె నీళ్ళల్ల కలవదు, అందుకే దానితోని ఏం జరగలె. కానీ మీరు చెప్పకండి. గ్లాసుల నీళ్ళు పోసి మీద నూనె పొయ్యమనండి, తనే చెప్తది.